ఎండకు కమిలిన చర్మం

వేసవి సెలవులకు విజయవాడ స్టేషన్‌లో రైలు దిగగానే అత్తయ్యో, పిన్నో ఎదురొస్తారు. సామాను అందుకోకముందే ముందుగా వచ్చే మాట మీ అందరికీ తెలిసిందే: "అయ్యో, ఎంత నల్లబడిపోయావే! ఏం ఊరే అది?" నాకు ఇప్పటికి ఆరు బదిలీలయ్యాయి. ఆరుసార్లూ ఆ మాట విన్నాను. మీలో చాలామంది నాకంటే ఎక్కువసార్లే విని ఉంటారు. ఆ మాట విన్న సాయంత్రమే వంటింట్లో శనగపిండి డబ్బా, నిమ్మకాయ, పసుపు బయటికి వస్తాయి. మర్నాడు ఎవరో ఒకరు మందుల షాపు నుంచి ఒక ట్యూబు కూడా తెచ్చిపెడతారు. ఈసారి మన తెలుగు పుటల్లో కథ పక్కన పెట్టి దీని గురించే చదువుకుందాం. భాష కొంత, సైన్సు కొంత.

ముందు రెండు మాటలు. తెలుగులో "కందడం" వేరు, "కమలడం" వేరు. ఎండకో, దెబ్బకో చర్మం ఎర్రబారితే కందింది అంటాం. నల్లబారితే కమిలింది అంటాం. తెల్లటి చర్మం ఉన్నవాళ్లు ఎండలో నిలబడితే ముందు కందుతారు, అది అందరికీ కనిపిస్తుంది. చామనచాయ, నల్లని చాయ ఉన్న మన చర్మం కూడా కందుతుంది. కాకపోతే ఆ ఎరుపు పైకి కనబడదు. చురుక్కుమనడం, చెయ్యి పెడితే వేడిగా తగలడం, చర్మం బిగుసుకున్నట్టుండడం, ఇవే గుర్తులు. మనం వాటిని పట్టించుకోం. రెండు మూడు రోజుల తర్వాత అద్దంలో కమిలిన రంగు చూసి అప్పుడు ఉలిక్కిపడతాం.

ఈ రంగు ఎక్కడిది? చర్మం పైపొర అడుగున మెలనోసైట్లు అనే కణాలుంటాయి. అవి మెలనిన్ అనే రంగుపదార్థాన్ని తయారు చేసి చిన్న చిన్న సంచుల్లో పెట్టి చుట్టుపక్కల కణాలకు పంచుతాయి. ఆ కణం లోపల మెలనిన్ ఊరికే పడి ఉండదు. కణకేంద్రకం పైన, ఎండ వచ్చే వైపున, గొడుగులా పేరుకుంటుంది. కేంద్రకంలోని డీఎన్ఏకు నీడ పట్టడమే దాని పని. వింత ఏమిటంటే తెల్లగా ఉన్నవాళ్లలోనూ నల్లగా ఉన్నవాళ్లలోనూ మెలనోసైట్ల సంఖ్య ఇంచుమించు ఒకటే. ఆ సంచుల పరిమాణం, వాటిలోని మెలనిన్ రకం, మోతాదు మాత్రమే వేరు. అంటే మన చర్మానికి పుట్టుకతోనే కాస్త పెద్ద గొడుగు ఉంది. ఎండ ఎక్కువైనప్పుడు ఆ గొడుగు ఇంకా దళసరి అవుతుంది. దాన్నే మనం "ట్యాన్" అంటున్నాం.

సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాల్లో రెండు రకాలు మన దాకా చేరతాయి. యూవీ-బి చర్మం పైపొరను కాలుస్తుంది. దాని వల్ల వచ్చే నలుపు రెండు మూడు రోజుల తర్వాత తేలుతుంది. అందుకే "నిన్న ఎండలోకి పోనేలేదు, ఇవాళ నల్లబడ్డానేంటి?" అని ఆశ్చర్యపోతుంటారు. అది మొన్నటి ఎండ. యూవీ-ఎ ఇంకాస్త లోతుకు పోతుంది, అప్పటికప్పుడే రంగును ముదురు చేస్తుంది. మామూలు కిటికీ అద్దం యూవీ-బిని చాలావరకు ఆపుతుంది కానీ యూవీ-ఎలో చాలా భాగాన్ని పోనిస్తుంది. రోజూ స్కూలు బస్సులో ఒకే వైపు కిటికీ పక్కన కూర్చునేవాళ్లు తమ రెండు చేతులనూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. మన వంటి ముదురు చాయలకు ఇంకొక చిక్కు ఉంది. కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా మచ్చల్ని ముదర పెట్టగలదు.

ఇక బదిలీ పిల్లలకు మాత్రమే పనికొచ్చే లెక్క ఒకటి చెప్తాను. "పది నుంచి నాలుగు వరకు ఎండలో తిరగొద్దు" అని అన్ని పుస్తకాల్లోనూ ఉంటుంది. ఏ ఊళ్లో పది? మన దేశానికంతటికీ ఒకటే గడియారం. అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. కాబట్టి కాకినాడలో గడియారం పన్నెండు కొట్టేసరికి సూర్యుడు ఇంచుమించు నడినెత్తిన ఉంటాడు. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు తేడా. అస్సాంలోని డిబ్రూగఢ్‌లో 11 గంటల 10 నిమిషాలకే మిట్టమధ్యాహ్నం అవుతుంది. రాజస్థాన్‌లోని జైసల్మేర్‌లో 12 గంటల 45 నిమిషాలకు గానీ కాదు. రెండు ఊళ్ల మధ్య గంటన్నర తేడా ఉంది. ఋతువును బట్టి ఇంకో పావుగంట అటూ ఇటూ మారుతుంది. డిబ్రూగఢ్‌లో ఎనిమిదిన్నరకు పీటీ పీరియడ్ అంటే అది జైసల్మేర్ పది గంటల ఎండతో సమానం. అందుకని గడియారాన్ని నమ్మకండి, మీ నీడను చూసుకోండి. నీడ మీకంటే పొడుగ్గా ఉంటే ఎండ ఏటవాలుగా పడుతున్నట్టు. నీడ మీకంటే పొట్టిదైతే సూర్యుడు 45 డిగ్రీల కంటే పైకి ఎక్కాడని అర్థం, అప్పుడు చర్మానికి నీడ కావాలి.

ఎత్తు కూడా చూడాలి. ప్రతి 1000 మీటర్ల ఎత్తుకు అతినీలలోహిత కిరణాలు సుమారు 10 శాతం పెరుగుతాయి. లేహ్ 3500 మీటర్ల ఎత్తున ఉంది. అంటే సముద్రమట్టం కంటే మూడో వంతుకు పైగా ఎక్కువన్నమాట, పైగా చల్లగా ఉంటుంది కాబట్టి ఒంటికి తెలియదు. కొత్తగా పడిన మంచు ఆ కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి ముఖం మీదికే కొడుతుంది. ఎడారి ఇసుక, సముద్రపు ఒడ్డు ఇసుక సుమారు 15 శాతం తిప్పికొడతాయి. పల్చటి మబ్బు ఉన్నా ఆ కిరణాలు చాలావరకు దిగుతూనే ఉంటాయి. "ఎండే లేదు కదా" అనుకున్న రోజే నేను ఎక్కువగా కమిలాను.

ఇప్పుడు నా సొంత ముచ్చట. నా మొదటి పోస్టింగ్ పశ్చిమ రాజస్థాన్‌లో. క్రీడా దినోత్సవానికి వారం రోజుల ప్రాక్టీసు, నాకు మైదానంలో డ్యూటీ. వారం తిరిగేసరికి మెడ, ముంజేతులు నల్లబడ్డాయి. నెలలో పెదనాన్నగారి అమ్మాయి పెళ్లి. ఇంకేముంది, ఒక ఉదయం నిమ్మచెక్కలకు పంచదార అద్ది ముంజేతులకు బాగా రుద్దుకుని, పైపైన కడుక్కుని మైదానానికి పోయాను. సాయంత్రానికి మంట. మర్నాటికి రసం కారిన దారి వెంబడే గీతలు గీసినట్టు బొబ్బలు. అవి తగ్గాక అదే చోట ముదురు గోధుమరంగు చారలు. పెళ్లిలో పొడుగు చేతుల జాకెట్టు వేసుకున్నాను. ఆ చారలు పూర్తిగా పోవడానికి ఏడు నెలలు పట్టింది. తీసేయాలనుకున్న నలుపు మాత్రం రెండు నెలల్లో దానంతటదే పోయింది.

ఎందుకలా జరిగింది? నిమ్మ తొక్కలో, రసంలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా యూవీ-ఎ తగిలితే రసాయన చర్య జరిగి కణాలు కాలిపోతాయి. దానికి తోడు నిమ్మరసం గట్టి ఆమ్లం. చర్మం పైన సహజంగా ఉండే ఆమ్లత్వం చాలా తేలిక, పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. నిమ్మరసానిది 2 దగ్గర. వంటసోడా అయితే ఎదురు దిక్కున 8 దాటి ఉంటుంది. టూత్‌పేస్టు సంగతి చెప్పనే అక్కర్లేదు, అది పళ్ల కోసం చేసింది.

ఇక్కడే అసలు సూత్రం ఉంది, దీన్ని పరీక్షకు చదివినట్టు గుర్తు పెట్టుకోండి: ముదురు చాయ చర్మాన్ని ఏది మండిస్తే అదే దాన్ని మళ్లీ నల్లబరుస్తుంది. దోమ కుట్టి గోకినా, మొటిమ గిల్లినా, చెమటకాయలు రుద్దినా, ఘాటు క్రీము రాసినా, చర్మం వాచి తగ్గిన చోట మెలనిన్ పోగవుతుంది. అందుకే మన చర్మానికి చేసే వైద్యం నెమ్మదిగా, మంట లేకుండా సాగాలి. "మండుతోందంటే పని చేస్తోందన్నమాట" అని మా పక్కింటావిడ అనేవారు. మన విషయంలో అది పూర్తిగా తలకిందులు.

సున్నిపిండిని నేను తిట్టను. మెత్తగా జల్లించిన పెసరపిండితో ఒళ్లు తోముకుంటే మురికి, జిడ్డు, రాలిపోవలసిన మృతకణాలు పోతాయి, హాయిగా ఉంటుంది. కానీ ట్యాన్ మురికి కాదు. ఆ రంగు కణాల లోపల ఉంది, కడిగితే పోదు. పీచుతోనో, నైలాన్ జాలీతోనో ఎముక మీది చర్మాన్ని రోజూ గట్టిగా రుద్దేవాళ్లకు ఆ రాపిడికే మెడ కింద, భుజాల మీద, వీపున నల్లమచ్చలు వస్తాయి. చర్మవైద్యులు వాటిని తరచుగా చూస్తుంటారు.

నిమ్మకాయ చారలు చిన్న సంగతే. నాలుగేళ్ల కిందట నా తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. తొమ్మిదో తరగతి. నాన్నగారికి మేఘాలయ నుంచి ఎడారి జిల్లాకు బదిలీ. మబ్బుల ఊరి నుంచి వచ్చిన పిల్లకు మూడు నెలల్లో నుదురు, ముక్కు, బుగ్గల పైభాగం కమిలాయి. వార్షికోత్సవ నాటకంలో ఆమెకు రాకుమారి వేషం ఇచ్చాం. "ఈ రంగుకి రాకుమారా?" అని ఎవరో అన్నారట. ఆ పిల్ల నాకు చెప్పలేదు. వాళ్లమ్మ మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. పది రోజుల్లో ముఖం తేటబడింది. ఇల్లంతా సంతోషం. మూడో నెలకు ఎండలోకి వస్తే ముఖం మంట, బుగ్గల నిండా పొక్కులు, చెంపల మీద నూగు వెంట్రుకలు. ఒక్కరోజు క్రీము మానితే ముఖం భగ్గుమనేది, మళ్లీ రాస్తే చల్లబడేది. పాఠం బిగ్గరగా చదివేటప్పుడు పుస్తకాన్ని ముఖానికి అడ్డంగా పెట్టుకుంటోందని గమనించాను. పీరియడ్ అయ్యాక ఆపి అడిగితే ఏడ్చేసింది. "మేడమ్, మానేస్తే ఇంకా నల్లగా అవుతానని భయం" అంది.

ట్యూబు తెప్పించి చూశాను. అందులో స్టెరాయిడ్ ఉంది. స్టెరాయిడ్ క్రీములు చెడ్డవి కావు. గజ్జి తామరలా కనిపించే కొన్ని చర్మపు వాపులకు డాక్టరు కొద్దిరోజులు రాయమంటారు, అప్పుడు అవి మంచి మందులే. వాటిని తెల్లబడే క్రీముగా నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పల్చబడుతుంది, రక్తనాళాలు పైకి తేలతాయి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి, చర్మం ఆ మందుకు అలవాటు పడిపోతుంది. ఇది ఎంత మామూలైపోయిందంటే 2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చట్టం ఉంది, షాపులో ఏం జరుగుతుందో మీకూ తెలుసు. అందుకని ట్యూబు మీద సన్నటి అక్షరాలు చదవడం నేర్చుకోండి. బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్. పేరు చివర "సోన్", "లోన్", "సాల్" అని వినిపిస్తే ఆగి పెద్దవాళ్లకు చూపించండి. ఎర్రగా "ఆర్ఎక్స్" గుర్తు ఉంటే అది సౌందర్య సాధనం కాదు, మందు. హైడ్రోక్వినోన్ ఉన్నా అంతే. డాక్టరు పర్యవేక్షణలో కొద్దికాలం వాడితే అది మచ్చలకు పని చేస్తుంది. ఏళ్ల తరబడి రాసినవాళ్లలో చర్మం నీలి నలుపుగా మారి అలాగే ఉండిపోవడాన్ని దక్షిణాఫ్రికా వైద్యులు ఎన్నడో గమనించారు.

అసలు పేరే లేని క్రీములు ఇంకా ప్రమాదం. పదార్థాల జాబితా లేని డబ్బా, సంతలోనో ఆన్‌లైన్‌లోనో దొరికేది, వారంలో తెల్లబరుస్తానని చెప్పేది. అలాంటి వాటిలో పాదరసం ఉండే అవకాశం ఉంది. పాదరసం మెలనిన్ తయారీని అడ్డుకుంటుంది, నిజమే. చర్మం గుండా లోపలికి పోయి మూత్రపిండాలను కూడా పాడు చేస్తుంది. జపాన్‌లో పాదరసపు విషానికి బలైన మినమాటా పట్టణం పేరు మీద 2013లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం ఇలాంటి క్రీములను నిషేధించాలని చెప్పింది.

మరి సరైన పద్ధతి ఏమిటి? చెప్పుకోవడానికి చాలా చప్పగా ఉంటుంది. ఎండలో కమిలిన రోజున చల్లటి నీళ్లలో తడిపిన మెత్తని గుడ్డ పదిహేను నిమిషాలు వేసుకోండి. ఐసుగడ్డ నేరుగా రుద్దకండి. తర్వాత వాసన లేని మాయిశ్చరైజర్ ఏదైనా పల్చగా రాయండి. బొబ్బలు వస్తే చిదమకండి. జ్వరం, వాంతులు కూడా ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మర్నాటి నుంచి ఆ భాగానికి ఎండ తగలకుండా చూడాలి. వైద్యంలో ముక్కాలు భాగం ఇదే. గొడుగు, వెడల్పు అంచు టోపీ, పొడుగు చేతుల నూలు చొక్కా. వీటికి రెండు గంటలకోసారి మళ్లీ రాసే పని లేదు, ఖర్చూ తక్కువ. మన తాతలు తలపాగా, కండువా లేకుండా పొలానికి పోయేవారా?

సన్‌స్క్రీన్ కొనగలిగితే "బ్రాడ్ స్పెక్ట్రమ్" అని రాసి ఉన్నది, ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకు మించి ఉన్నది చూడండి. ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా యూవీ-బి గురించి చెబుతుంది. 30 అంటే సుమారు 97 శాతం, 50 అంటే సుమారు 98 శాతం ఆపుతుంది. ఆ ఒక్క శాతం కోసం రెట్టింపు ధర పెట్టనక్కర్లేదు. "పీఏ" పక్కన ఎన్ని ప్లస్ గుర్తులుంటే యూవీ-ఎ నుంచి అంత రక్షణ. చూపుడువేలు, మధ్యవేలు పొడవునా రెండు గీతలుగా పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. చాలామంది బఠాణీ గింజంత రాసి "పని చేయలేదు" అంటారు. మైదానంలో ఉంటే రెండు గంటలకోసారి, చెమట పట్టి తుడుచుకుంటే అంతకు ముందే మళ్లీ రాయాలి. జింక్ ఆక్సైడ్ ఉన్నవి మన చాయ మీద విబూది పూసినట్టు కనిపిస్తాయి. లేత గోధుమరంగు కలిపినవి దొరుకుతాయి, వాటిలోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురును కూడా కొంత ఆపుతుంది. మచ్చలున్నవాళ్లకు అవి మేలు. కొత్తది ఏది కొన్నా ముంజేతి లోపలివైపు కొంచెం రాసి రెండు రోజులు చూసి, దురద రాకపోతేనే ముఖానికి వాడండి.

ఇక ఓపిక పట్టాలి. చర్మం పైపొర కొత్తదవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. ట్యాన్ వదలడానికి కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలలు. వాపు తగ్గాక మిగిలిన మచ్చలకు ఇంకా ఎక్కువ, ఒక్కోసారి ఏడాది. అంతకీ తగ్గకపోతే చర్మవైద్యులు అజెలాయిక్ ఆమ్లం, నియాసినమైడ్ వంటివి చర్మాన్ని చూసి, మోతాదు చూసి ఇస్తారు. ఎంతవరకు తగ్గాలో తెలుసుకోవడానికి మీ దండచెయ్యి లోపలివైపు చూసుకోండి. ఎండ ఎరగని ఆ రంగే మీ రంగు. వైద్యం అక్కడిదాకా తీసుకురాగలదు. దానికంటే తెల్లగా చేస్తానన్నది వ్యాపారం. 1975లో మన దేశంలో మొదలైన ఒక ప్రసిద్ధ క్రీము 2020లో తన పేరులోంచి "ఫెయిర్" అన్న మాటనే తీసేయవలసి వచ్చింది. అత్తయ్యల నోటి నుంచి ఇంకా పోలేదనుకోండి.

ఒక హెచ్చరిక. అన్ని మచ్చలూ ఎండవి కావు. చిన్నపిల్లల బుగ్గల మీద పాలిపోయిన గరుకు మచ్చలు చూసి కాల్షియం తక్కువనో, కడుపులో పురుగులనో అంటారు. చాలాసార్లు అది పొడిచర్మం. చుట్టూ ఎండకు నల్లబడటంతో అది తెల్లగా తేలుతుంది. మెడ మీద, వీపున పొట్టు రాలే మచ్చలు శోభి కావచ్చు, అది ఫంగస్, దానికి మందు వేరు. పెద్దవాళ్ల బుగ్గల మీద రెండువైపులా వచ్చే మంగు ఇంకొకటి. గిచ్చినా స్పర్శ తెలియని పాలిన మచ్చ ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయొద్దు. అది కుష్ఠు కావచ్చు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందు ఉచితం, పూర్తిగా నయమవుతుంది. ఆకారం, రంగు మారుతున్న పుట్టుమచ్చనూ చూపించాలి. మొటిమలకు డాక్సీసైక్లిన్ వంటి మాత్రలు వాడుతుంటే ఎండకు చర్మం త్వరగా కాలుతుంది, ఆ సంగతి డాక్టర్ని అడగండి. ఇదంతా చదివి ఆటలు మానేసి గదిలో కూర్చోమని మాత్రం నేను చెప్పడం లేదు.

ఆ అమ్మాయిని వాళ్లమ్మగారు చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడ క్రీము ఎలా మానాలో రాసిచ్చి, మధ్యలో భగ్గుమన్నప్పుడు ఏం చేయాలో చెప్పారు. ముఖం కుదుటపడటానికి ఎనిమిది నెలలు పట్టింది. రాకుమారి వేషం ఆ ఏడాది వేరే పిల్ల వేసింది. ఆ సంగతి నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ముందే గమనించి ఉండవలసింది. తర్వాత వాళ్ల నాన్నగారికి అస్సాంకు బదిలీ అయింది. అక్కడి నుంచి ఒక ఆదివారం ఫోన్ చేసింది. "మేడమ్, మీరు చెప్పినట్టు నీడ కొలిచాను. ఇక్కడ పదకొండుంపావుకే మధ్యాహ్నం అయిపోతోంది!"

మీరూ కొలవండి. ఎండ ఉన్న రోజున చదునైన నేల మీద ఒక మీటరు కర్ర నిటారుగా పాతి, పదిన్నర నుంచి ఒంటిగంట వరకు పది నిమిషాలకోసారి నీడ కొన దగ్గర సుద్దతో గీత పెట్టండి. అన్నింటికంటే పొట్టి నీడ ఎన్ని గంటలకు పడిందో, ఏ తేదీన, ఏ ఊళ్లో పడిందో తెలుగులో నాలుగు వాక్యాలు రాసి మీ తెలుగు టీచరుకు ఇవ్వండి. వాక్యాల్లో నీరెండ, మిట్టమధ్యాహ్నం, ఏటవాలు, కమలడం అనే మాటలు రావాలి.